బనియను మీద భూకంపం

మా మాస్టారు పోయారని మంగళవారం పొద్దున తెనాలి నుంచి కబురొచ్చింది. దీపం పెట్టి కూర్చున్నాను. ఆయన ఒక పని మిగిల్చి వెళ్ళారని గుర్తొచ్చింది. ఇప్పుడా పని పూర్తయింది కాబట్టే, ఉత్తరాలు తప్ప ఏమీ రాయని నేను కలం పట్టాను.

ఆయన మాకు హైస్కూల్లో సైన్సు చెప్పారు. భూకంపం పాఠంలో రెండు చెక్క స్కేళ్ళు ఆనించి పెట్టి, ఒకదాన్ని జరిపి, "పగులు పొడవునా నేల ఇలా ఒకేలా జరుగుతుంది" అన్నారు. మేం రాసుకున్నాం. అది తప్పని రిటైరయ్యాక ఏదో చదివి తెలుసుకున్నారు. ఇక ఆయనకు నిలకడ లేదు. మా బ్యాచి పేర్లన్నీ కాగితం మీద రాసుకుని, బస్సెక్కి బాపట్ల, రేపల్లె తిరిగారు.

మా ఇంటికొచ్చి మంచినీళ్ళు తాగి, "భూకంపం పాఠం మళ్ళీ చెప్తాను, పాత బనియను, కత్తెర పట్రామ్మా" అన్నారు.

"ఈ వయసులో నాకు పరీక్షలేంటి మాస్టారూ?"

"పరీక్ష నాదమ్మా. తప్పు చెప్పింది నేను."

బనియను పరిచి మధ్యలో జానెడు చీలిక కోశారు. దానికి అడ్డంగా పెన్నుతో వరసగా గీతలు గీశారు. కింది అంచు నన్ను పట్టుకోమని, పై అంచును తాను మెల్లగా పక్కకు లాగారు. నడిమి గీతలు తెగి బాగా ఎడంగా జరిగాయి. చివరలకు పోయేకొద్దీ ఆ ఎడం తగ్గింది. చీలిక ముగిసినచోట గీత తెగనే లేదు.

"చూశావా? పగులు ఒకటే, జరగడం ఒక్కోచోట ఒక్కోలా. నిజం నేలలో ఇంత పద్ధతిగానూ ఉండదు. ఒకచోట బారెడు, ఆ పక్కనే బెత్తెడు, మళ్ళీ బారెడు."

గుమ్మంలోంచి మా ఆయన, "మాస్టారూ, అది మొన్న కొన్న బనియనండీ!" అన్నారు. కంగారులో నేనే కొత్తది ఇచ్చాను.

మాస్టారు నాలిక్కరుచుకుని, "ఈ తప్పు మీ ఆవిడదయ్యా" అని నవ్వి, నా పేరు పక్కన టిక్కు పెట్టుకున్నారు.

చివరికి కొలకలూరులో ఉన్న నా స్నేహితురాలి పేరొక్కటే మిగిలింది. "గురువారం వెళ్తానమ్మా" అని ఫోనులో చెప్పారు. గురువారం ఆయనకు రాలేదు.

పెద్దకర్మ నాడు ఆ కాగితం వాళ్ళ కోడలిని అడిగి తీసుకున్నాను. బనియను సంచిలో పెట్టుకుని కొలకలూరు వెళ్ళాను.

"ఏడుస్తూ వస్తావనుకుంటే బనియను తెచ్చావేంటే? ఆ పాఠం నాకు గుర్తే లేదు."

"లేకపోయినా పట్టుకోవే."

అరుగు మీద చెరో అంచూ పట్టుకుని లాగాం. అది వంగి గీతల్ని చూసింది. తర్వాత మెల్లగా, "ఇంకోసారి లాగవే" అంది. దాని పేరు పక్కన నేనే టిక్కు పెట్టాను.

మా బ్యాచి వాళ్ళూ, నేను రాసిన ఈ కాగితాలు దాచుకోండి, ఎవరికీ చూపకండి. బయటివాళ్ళు ఆయన తప్పు చెప్పారన్న మాటే పట్టుకుంటారు. ఆ రోజు మేం బనియను వదిలేశాక కూడా అరుగు మీద ఆ నడిమి గీతలు పూర్తిగా కలవలేదు. చివరి గీత మాత్రం ఆయన గీసినట్టే ఉంది.