రెండు జాడీల వాన

పట్టుచీర చేతికిస్తే తిరుపాలమ్మ దాని వయసు చెప్పేది. మడత మీద బొటనవేలు నడిపి, ఇది పదేళ్లది, ఇది ఇరవయ్యేళ్లది, దీన్ని ఎవరో పాపిష్టివాళ్లు ఎండలో ఆరేశారు, అనేది. తప్పేది కాదు.

సోమందేపల్లెకు రెండు మైళ్ల దూరంలో వాళ్ల ఊరు. ఊళ్లో గుడ్డలు బండకేసి బాదేవే. పట్టు మాత్రం సోమందేపల్లె శెట్ల ఇళ్లలోనే ఉండేది. ఏడాదికి రెండుసార్లు ఆ ఇళ్లకు వెళ్లి, బీరువాలోని చీరలన్నీ బయటికి తీయించి, నీడన గాలికి పరిచి, పాత మడత మీద మళ్లీ మడత పడకుండా మార్చి మడిచి వచ్చేది. ఒకే మడతలో ఏళ్ల తరబడి పడి ఉంటే పట్టు ఆ గీత వెంబడే తెగుతుంది. ఆ సంగతి కట్టుకునేవాళ్లకు తెలియదు, ఉతికేవాళ్లకే తెలుసు.

ఆమె పనిలో ఒక్కటే పొరపాటు జరిగింది. కాపురానికి వచ్చిన కొత్తలో చెరువు ఎండి, ఊళ్లో బోరు వేశారు. నీళ్లంటే నీళ్లే కదా అని బోరు నీళ్లలో ఒక పట్టుచీర ముంచింది. ఎంత రుద్దినా కుంకుడుకాయ నురగ లేవలేదు. ఆరిన చీర మీద సున్నంలాగా తెల్లటి పొర కట్టింది. జరీ చచ్చిపోయింది. ఆ ఇంటివాళ్లు తిట్టలేదు. మళ్లీ పిలవలేదు, అంతే.

అప్పటినుంచి పట్టుకు వాన నీళ్లే. తొలివానను నేలకు వదిలేసేవాళ్లు. రెండో వానకు మొగుడు ఆంజినప్ప వాకిట్లో నాలుగు గుంజలు పాతి, తన తెల్లపంచెను నాలుగు కొసలా కట్టి, నడుమ ఒక గులకరాయి వేసేవాడు. రాయి బరువుకు పంచె కుంగిన చోట నీళ్లు సన్నటి ధారగా దిగేవి. కింద జాడీలు. అవి సోమందేపల్లె శెట్ల ఇల్లాలు శాంతమ్మ ఇంట్లో పారేస్తామంటే అడిగి తెచ్చుకున్న ఊరగాయ జాడీలు, రెండు. కారం వాసన పోయేదాకా నెల రోజులు బూడిదతో తోమింది. నిండినాక మూతికి గుడ్డ కట్టి ఇంట్లో చీకటి మూలకు చేర్చేది. ఆ నీళ్లు ఎవరూ తాగకూడదు. పండగనాడు కూడా.

మనుషులు తాగేది బోరు నీళ్లు. ఒకనాడు ఆఫీసువాళ్లు వచ్చి ఆ బోరింగుకు ఎర్రరంగు పూసి, ఈ నీళ్లు తాగితే ఎముకలు చెడతాయని చెప్పి జీపెక్కారు. తాగదగ్గ నీళ్లు ఎక్కడున్నాయో చెప్పలేదు. మర్నాడు ఊరంతా ఎర్ర బోరింగు దగ్గరే బిందెలు వరస పెట్టింది.

నలభై దాటకముందే ఆంజినప్ప పళ్లు గారపట్టాయి. యాభైకి నడుము బిగుసుకుంది, మోకాళ్లు వంకర తిరిగాయి. మెడ తిరగదు. ఎవరైనా వెనకనుంచి పిలిస్తే మనిషి మనిషే తిరగాలి. మూట మోసే పని పోయింది. నీళ్లు మార్చడం తప్ప వేరే మందు లేదని డాక్టరు చెప్పాడు. ఆ మాట విని ఆంజినప్ప నవ్వాడు. ఆమెకు మూలనున్న జాడీలు గుర్తొచ్చాయి. గుర్తు రానట్టే ఇంటికి వచ్చింది.

2002లో రెండో వాన రాలేదు. మొదటిదీ వానలాగా రాలేదు. అంతకుముందు ఏడాది పట్టిన నీళ్లే జాడీల్లో మిగిలాయి. చీరకు మూడు నీళ్లు కావాలి, నురగకు ఒకసారి, జాడించడానికి రెండుసార్లు. రెండు జాడీలూ కలిపితే సరిగ్గా ఒక చీర.

మరుసటి ఎండాకాలంలో శాంతమ్మ కబురు పెట్టింది. కూతురు లక్ష్మీప్రసన్న పెళ్లి. ముహూర్తానికి పిల్ల అమ్మ పెళ్లిచీరే కట్టుకోవాలని శాంతమ్మ కోరిక. ముప్పై ఏళ్ల నాటి ధర్మవరం చీర, మడతల్లో పసుపు మరకలు, నడుము దగ్గర చెమట మరకలు. తిరుపాలమ్మ చేతికి తప్ప ఇవ్వనని నలుగురిలో అన్నదట. ఆ ఒక్క మాటకు తిరుపాలమ్మ కడుపు నిండిపోయింది.

చీర తెచ్చిన రోజు ఆంజినప్ప గడపలో కూర్చుని ఉన్నాడు.

"మేయ్, ఒగ చెంబు నీళ్లియ్యి," అన్నాడు.

ఆమె కుండ దగ్గరికి పోయింది.

"అవి గాదు. ఆ మూల నీళ్లు."

"అవి శాంతమ్మ చీరవి."

"పంచె నాది గదమ్మే."

ఆమె తడుముకోలేదు. చెంబు తగ్గినా ఆఖరి జాడింపుకు చాలవని, నురగ చీరలో నిలిచిపోతే జరీ పోతుందని పనివాడికి పని చెప్పినట్టు చెప్పింది. "ఉతికినాంక మిగిల్తే ఇస్తా," అంది.

"మిగలవులే. వచ్చే జన్మకు పట్టుచీరై పుడతా. అప్పుడు పోద్దువు."

చెప్పి నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. నవ్వకుండా ఉండాల్సిందని తరువాత చాలాసార్లు అనుకుంది.

ఉతుకుతున్నంతసేపూ ఆయన గడపలోంచి చూస్తూనే ఉన్నాడు. గింజలు తీసి నానేసిన కుంకుళ్ల నురగ పాలపొంగులా లేచింది. బాదలేదు, పిండలేదు. మరకల మీద అరచేత్తో మెల్లగా అద్దింది. ముప్పై ఏళ్ల పసుపు నీళ్లలోకి దిగింది. జాడీలు రెండూ బోర్లించి చివరి చుక్క దాకా పోసింది. చీరను ముంజేతుల మీద వేసుకుని నీళ్లు కారేదాకా నిలబడి, వేపచెట్టు నీడన తిరగేసి ఆరేసింది. సాయంత్రానికి జరీ అగ్గిలాగా వెలిగింది. అలాంటి పని ఆమె అదివరకు చెయ్యలేదు. ఆ తరువాతా చెయ్యలేదు.

పెళ్లినాడు చీరను చూసుకోవడానికని పెరటిదోవన వెళ్లింది. పీటల మీద పిల్ల బెంగళూరు నుంచి తెచ్చిన రాళ్లచీరలో ఉంది. శాంతమ్మే ఇవతలికి వచ్చింది.

"బాగా ఉతికినావే. నీ చెయ్యి చెయ్యే. పాప వద్దనె. పాత రంగు, ఫోటోల్లో పడదంట. బీరువాలో పెట్టినా. అన్నం తిని పో."

తిరుపాలమ్మ తినే వచ్చింది. ఇంట్లో ఆంజినప్ప, చీర ఎట్లుండాదని అడిగాడు. బాగుండాదని చెప్పింది. ఎవరు కట్టుకున్నారని ఆయన అడగలేదు. ఆ నీళ్ల మాట కూడా మళ్లీ ఎత్తలేదు.

ఆ పైన రెండేళ్లలో ఒక్కొక్క శెట్టి ఇల్లూ పట్టుచీరలను హిందూపురం పంపడం మొదలుపెట్టింది. అక్కడ అంగట్లో నీళ్లు తగలకుండా మిషన్లో ఉతికి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి ఇస్తారట. మడత మార్చడానికి ఎవరూ పిలవడం లేదు. శాంతమ్మ కూడా. ముప్పై ఏళ్ల చీర తను మడిచిన మడతలోనే పడి ఉందని తిరుపాలమ్మకు తెలుసు. ఏ గీత వెంబడి తెగుతుందో కూడా తెలుసు.

2005లో వానలు కురిశాయి. ఆంజినప్ప అప్పటికి మంచం దిగడం లేదు. రెండో వానకు గుంజలు ఆమే పాతింది. సూటిగా దిగలేదు. పంచె కట్టింది, రాయి వేసింది. జాడీలు రెండూ నిండాయి. ఉతకడానికి పట్టు అన్నది ఆ ఇంట్లో లేదు, రాబోదు. చెంబు ముంచి మంచం దగ్గరికి తెచ్చింది.

"తాగు," అంది.

ఆయన మెడ తిప్పలేక కళ్లు తిప్పి చెంబు వైపు చూశాడు. ముట్టలేదు.

"ఎత్తిపెట్టు. ఎవురి పెండ్లికన్నా కావాల్సొస్తాది."

కోపంగా అనలేదు. నవ్వనూ లేదు. బయట పంచె మీదినుంచి నీళ్లు ఇంకా కారుతున్నాయి. తిరుపాలమ్మ మూలకు పోయి, చెంబు నీళ్లు జాడీలోకి వంచి, మూతికి గుడ్డ కట్టింది. ఒక్క చుక్క కింద పడలేదు.