మిషను మా అత్తది కాదు

విడాకులకు ఆయనా నేనూ ఇద్దరం ఒప్పుకున్నాం. సామాన్ల దగ్గరే పేచీ వచ్చింది. మంచం, ఫ్రిజ్జు ఆయన ఉంచుకుంటానంటే ఊరుకున్నాను. కుట్టుమిషను మాత్రం వదులుకోలేకపోయాను. శృంగవరపుకోటలో కాపురం ఉన్నన్నాళ్లూ దానిమీదే ఊళ్లోవాళ్ల జాకెట్లు కుట్టాను. కొత్తవలసలో అక్క ఇంటికి వచ్చేశాక చేతులు కట్టేసినట్టయింది. పంపమని అడిగితే, "అది మా అమ్మది" అన్నాడు. ఆ ఒక్క మాట మీద విజయనగరం కోర్టులో వాయిదాలు నడిచాయి.

ఆయన తరఫు సాక్షిగా మా అత్తను తీసుకొచ్చారు. వరండాలో నన్ను చూసి తల దించుకుంది. ఒంటిమీద నేను కుట్టిన జాకెట్టే ఉంది. పలకరించేలోపే లోపలికి పిలిచారు.

ఆయన లాయరు అడిగాడు. "ఈ మిషను మీదే కదమ్మా?"

అత్త కొడుకు వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది.

"నాకు సూదిలో దారం ఎక్కించడమే రాదు బాబూ. నా కోడలు సీటీ పాట పాడి, ఆ డబ్బుల్తో కొనుక్కుంది. కొన్న దినాన్న నానూ ఎల్లాను."

"ఆవిడ ఇప్పుడు మీ కోడలు కాదు కదా?"

"అది మీరు కాయితాల్లో రాసుకోండి బాబూ."

బయటికొచ్చాక కొడుకు ఆమె కోసం ఆగలేదు. బండెక్కి వెళ్లిపోయాడు. మెట్ల దగ్గర ఒక్కతే నిలబడి ఉంటే వెళ్లి చెయ్యి పట్టుకున్నాను.

"పొద్దున్నేటైనా తిన్నావా అత్తా?"

"నేదమ్మా. కోర్టంటే బయమేసి ముద్ద దిగనేదు."

బస్టాండు దగ్గర హోటల్లో ఇడ్లీ తిన్నాం. "ఇంటికెల్తే ఆడేటంటాడో" అంది. రెండ్రోజులు నా దగ్గర ఉండి వెళ్లమన్నాను. "ఆడికన్నం ఎవులొండుతారే?" అంది. శృంగవరపుకోట బస్సులో కిటికీ పక్కన కూర్చోబెట్టి, బస్సు కదిలేదాకా కిందే నిలబడ్డాను.

వ్యవహారం తీర్పుదాకా పోలేదు. తర్వాతి వాయిదాకి ముందే ఆయన ఆటోలో మిషను వేసుకుని మా అక్క ఇంటికొచ్చాడు. దారిలో అదిరిపోకుండా కింద పాత బొంత పరిచి, తాళ్లతో కట్టాడు. తనే మోసుకొచ్చి గదిలో పెట్టాడు.

"అమ్మ నూనేసింది. ఓపాలి తొక్కి సూసుకో" అన్నాడు.

గుడ్డముక్క పెట్టి తొక్కాను. గుమ్మంలో నిలబడి కుట్టు వైపే చూస్తున్నాడు. బాగుందన్నాను. టీ తాగి వెళ్లమంటే, బయట ఆటో ఆగి ఉందని చెప్పి వెళ్లిపోయాడు.

అత్త ఇప్పటికీ అప్పుడప్పుడు బస్సెక్కి వస్తుంది. కిందటి వారం వచ్చి, గుమ్మంలో కూర్చుని గోంగూర వలిచింది. కట్ట మొత్తం అయిపోయాక, తలెత్తకుండానే, కొడుక్కి బొబ్బిలి వైపు సంబంధం చూస్తున్నామని చెప్పింది.

"మంచిదే కదత్తా" అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

ఆమె నా తల నిమిరి, గోంగూర చేట తీసుకుని వంటింట్లోకి వెళ్లింది.