సాయిబుల గుడి

మా అమ్మకు అన్నీ గుడులే. చర్చి ఏసయ్య గుడి, మార్కాపురం బజారులోని మసీదు సాయిబుల గుడి. దిద్దబోతే, "దేవుడుండేదాన్ని గుడి అనక ఏమంటారే?" అని కసిరేది. చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే సాయంత్రం నమాజు వేళకు ఆ మసీదు వాకిటికి ఎత్తుకుపోయేది. నమాజు చేసి బయటికొచ్చేవాళ్లు దువా చదివి నా ముఖాన ఊదేవాళ్లు.

మొన్న తనే మంచాన పడితే, "సాయిబుల గుడి కాడ నీళ్లు ఊదించుకరా" అంది. రోజూ సీసా పట్టుకుని వెళ్లాను. ఒక ముసలాయన నీళ్లలో ఊది ఇచ్చేవాడు. ఒకరోజు ఆ నీళ్లు ఇంటికి చేరేసరికి అమ్మ లేదు.

దినాలయ్యాక ఒక సాయంత్రం మసీదు నుంచి అజా వినబడగానే నా కాళ్లు అటే నడిచాయి. ముసలాయన నా ఉత్త చేతులు చూసి ముఖమంతా విప్పారేలా నవ్వాడు.

"సీసా తేలేదేందమ్మా? అమ్మకు తగ్గిపోయిందా?"

"తగ్గింది తాతా" అన్నాను.