తుమ్మముల్లు దిగిన కాలు

బొగ్గు గనిలో పనిచేసినన్నాళ్లూ మా నాయినకు పెద్ద దెబ్బ ఏదీ తగల్లేదు. పైకప్పు కూలి తోటివాళ్లు పోయిన షిఫ్టుల్లోంచి కూడా ఆయన నడుచుకుంటూ ఇంటికొచ్చాడు. రిటైరయ్యాక కొత్తగూడెంలో క్వార్టర్ ఖాళీ చేసి, అడవి అంచున అమ్మ పుట్టిన ఊళ్లో చిన్న ఇల్లు వేసుకున్నారు. కొన్ని మేకల్ని పెంచుకున్నారు. నేను ఉద్యోగం కోసం కొత్తగూడెంలోనే ఉండిపోయాను.

ఇంటి వెనక చేనుగట్టు మీద ఒక నల్లతుమ్మ ఉండేది. బెరడు నల్లగా, నిలువునా పగిలి, ముట్టుకుంటే అరచేతికి గీరుకునేది. ఎండాకాలం ఆ పగుళ్లలోంచి బంక కారి ఎర్రటి ముద్దలుగా గట్టిపడేది. ఆకులు చింతాకుల కంటే సన్నం. ప్రతి ఆకు మొదట్లో జంటగా రెండు ముళ్లు, తెల్లగా, సూటిగా ఉండేవి. లేత కొమ్మల మీద అవి నా వేలంత పొడవు, ముదురు కొమ్మల మీద పొట్టివి. వానలు పడ్డాక చెట్టంతా పసుపుపచ్చని చిన్న బంతుల్లా పూసేది. తర్వాత బూడిదరంగు కాయలు వేలాడేవి. గింజకూ గింజకూ మధ్య ఎవరో నొక్కినట్టు, పూసలపేరులా ఉండేవి. ఆ కాయలంటే మేకలకు ప్రాణం.

పొద్దున్నే నాయిన పొడుగు కర్రకు కట్టిన కొడవలితో కొమ్మలు లాగి మేకలకు వేసేవాడు. ఆకంతా అవి తినేశాక మిగిలిన కంపను దొడ్డి చుట్టూ కంచెగా పేర్చేవాడు. ఎండితే ఆ ముల్లు పచ్చిదాని కంటే గట్టిగా ఉంటుంది.

ఆయనకు షుగర్. పాదాలకు స్పర్శ తగ్గిపోయి చాలా కాలమైంది. నడుస్తుంటే చెప్పు జారి వెనకే పడిపోయినా తెలిసేది కాదు. అమ్మ తీసుకెళ్లి తొడిగేది.

ఒక ఆదివారం నేను వెళ్లేసరికి నాయిన వాకిట్లో మంచం మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు. ఊడుస్తున్న అమ్మ చీపురు ఆపింది.

"గీ నెత్తురేంది? ఎవరికి తెగింది?"

మరకలు దొడ్డి దగ్గర నుంచి మంచం దాకా ఉన్నాయి. నాయిన వంగి చెప్పు విడవబోయాడు. అది రాలేదు.

"చెప్పు ఊడొస్తలేదేందే?" అన్నాడు అమ్మతో, నవ్వుతూనే.

నేను కింద కూర్చుని ఆయన కాలు ఎత్తి చూశాను. ఎండిన తుమ్మముల్లు రబ్బరు చెప్పులోంచి మడమలోకి దిగి, చెప్పును కాలికి కుట్టేసింది. దాంతోనే ఆయన పొద్దుటి నుంచి తిరిగాడు.

"నొప్పి లేదా నాయినా?"

"ఏం లేదు బిడ్డా. గుంజెయ్యి."

గుంజాను. ముల్లు వచ్చింది, అంతా వచ్చిందనే అనుకున్నాం. ఊరి డాక్టర్ సూది వేసి పంపాడు. నేను సాయంత్రం బస్సెక్కాను. కొద్దిరోజులకు అమ్మ ఫోన్ చేసింది: "మడమ నల్లగైంది. వాసన వస్తుంది. జల్దీ రా బిడ్డా."

ఖమ్మంలో పెద్ద దవాఖానాలో మోకాలి కింద వరకూ కాలు తీసేశారు. ముల్లు మొన లోపలే విరిగి ఉందని చెప్పారు. తెలివి వచ్చాక నాయిన దుప్పటి మీద కాలు లేనిచోట చాలాసేపు చెయ్యి పెట్టుకుని ఉన్నాడు.

"గని కూలినా పోని కాలు, ముల్లుకు పోయిందా బిడ్డా?" అన్నాడు.

ఇంటికి తెచ్చాక పుండు మానలేదు. తుమ్మచెట్టు నరికిద్దామని నేనంటే అమ్మ కోప్పడింది. "నరికితే మేకలేం తినాలె? చెట్టేం జేసింది?" ఆ కొడవలి కర్ర పట్టుకుని తనే కొమ్మలు లాగడం మొదలుపెట్టింది. నాయిన మంచం మీద నుంచి, "చెప్పులు చూసి తొడుక్కో," అని రోజూ కేకేసేవాడట. ఎండలు ముదిరే ముందే ఆయన పోయాడు.

దినాలయ్యాక మేకల్ని మేనమామ తోలుకుపోయాడు. అమ్మ మాత్రం నాతో రానంది.

కిందటేడు అమ్మకు కూడా షుగర్ అన్నారు. ఆదివారం వెళ్తే ముందు ఆమె పాదాలు ఒళ్లో పెట్టుకుని వేళ్ల సందులు చూస్తాను. ఆమె సిగ్గుపడి కాళ్లు లాక్కోబోతుంది. కళ్లు మూసుకోమని, వేలితో నొక్కి, "తెలుస్తుందా అమ్మా?" అని అడుగుతాను.

"అవ్, తెలుస్తుంది," అంటుంది.

మొన్న నేను ఇంకా వేలు పెట్టకముందే ఆ మాట అంది.