తోడికోడలి చేను మీద అభ్యంతరం

1997. డెల్టాలో ఒక చిన్న మునిసిపాలిటీ. ఊరి పేరు చెప్పను. చెబితే ఈ కథలో ఇద్దరు ఆడవాళ్ళూ ఎవరో అక్కడివాళ్ళకి ఇట్టే తెలిసిపోతుంది. నేను ఆ ఆఫీసు టౌన్ ప్లానింగ్ సెక్షన్‌లో ట్రేసర్‌గా పనిచేసేదాన్ని. అంటే ఊరి పటాలు ట్రేసింగ్ క్లాత్ మీద గీసి, ప్రింట్లు తీయించి, వాటికి రంగులు వేసే ఉద్యోగం. కంప్యూటర్లు అప్పటికి మా దాకా రాలేదు. గీత తిన్నగా వచ్చినా వంకరపోయినా అది చేతి చలవే.

ఆ ఏడాది మా ఊరికి డ్రాఫ్ట్ మాస్టర్ ప్లాన్ తయారైంది. ముందు ముందు ఊరు ఏ వైపు పెరగాలి, ఎక్కడ ఇళ్ళు కట్టుకోవచ్చు, ఎక్కడ పొలాలు పొలాలుగానే ఉండాలి అని చెప్పే పటం అది. ఇళ్ళకి పసుపు, పొలాలకి ఆకుపచ్చ, బడులకీ ఆసుపత్రులకీ ఎరుపు, కాలువలకి లేత నీలం. దాన్ని ఖాయం చేసే ముందు జనానికి చూపించి, వాళ్ళ అభ్యంతరాలూ సలహాలూ తీసుకోవాలి. అందుకని మీటింగు హాల్లో గోడకి పటం తగిలించి, పక్కన నాకో బల్ల వేశారు. వచ్చినవాళ్ళకి వాళ్ళ సర్వే నెంబరు ఎక్కడుందో చూపించి, చెప్పింది రాసుకోవడం నా పని.

ఇక్కడ నా సంగతి కూడా చెప్పాలి. ఆ పటం మీద ప్రతి రంగూ నా చేత్తో వేసిందే. అందులో నాదంటూ చాప పరుచుకునేంత చోటు కూడా లేదు. మాది రెండు గదుల అద్దె వాటా. నేను పసుపు పెన్సిల్ పట్టుకుని రుద్దుతూ ఉంటే అక్కడెవరి చేనో తెల్లారేసరికి బంగారం అయిపోయేది. నాకు కుళ్ళుగా ఉండేది, దాచుకోవడం ఎందుకు. పటం కింద సంతకం మా టౌన్ ప్లానింగ్ ఆఫీసరు గారిది. ఆయన నాకంటే చిన్నవాడు, మంచివాడు కూడా. మంచివాడు కావడం వల్ల ఆయన్ని తిట్టుకోవడానికి కూడా కుదిరేది కాదు. ఇంత కుళ్ళు పెట్టుకుని ఆ బల్ల దగ్గర కూర్చున్నదాన్ని కాబట్టే ఇప్పుడు చెప్పబోయే కేసు నాకు అంతుపట్టింది అనుకుంటాను.

వచ్చినవాళ్ళలో చాలామందిది ఒకటే పాట. "మా చేను కూడా పసుపు చెయ్యండి." కొందరు రోడ్డు వెడల్పు చేస్తే అరుగు పోతుందని గొడవపడేవారు. ఎవరు వచ్చినా సొంత ఆస్తి గురించే వచ్చేవారు. అలాంటి హాల్లోకి ఒక మధ్యాహ్నం సత్యవతి గారు వచ్చారు. మనిషి పొడుగ్గా, నిదానంగా ఉన్నారు. గొడుగు మడిచి గోడకి ఆనించి, పటం దగ్గరికి వెళ్ళి చాలాసేపు చూశారు. తర్వాత ఒక పసుపు ముక్క మీద వేలు పెట్టారు.

"అమ్మాయ్, దీన్ని ఆకుపచ్చ చెయ్యాలంటే ఎవరికి చెప్పాలి?"

"నాకే చెప్పండి, రాసుకుంటాను. అది మీదేనాండి?"

"మాది దీని వెనకాలది. కాలువ పక్కది."

"మీది ఆకుపచ్చలో ఉందండి. పసుపు చెయ్యమని రాయమంటారా?"

"వద్దు వద్దు. మాది బంగారం లాంటి రెండు పంటల చేను, మాది ఎలా ఉన్నది అలానే ఉండాలి. ఇది మా తోడికోడలిది. దీన్ని మార్చెయ్యి చాలు."

నేను పెన్సిల్ కింద పెట్టేశాను. అంతమందిలో తనకేమీ వద్దని, పక్కవాళ్ళకి వచ్చింది తీసెయ్యమని అడిగిన మనిషి ఈవిడ ఒక్కరే. ముఖంలో ఎక్కడా మొహమాటం లేదు. కారణం ఏం రాయమంటారని అడిగాను.

"నీళ్ళు. వానలకి మా చేలో నిలిచిన నీళ్ళు వాళ్ళ చేలోంచే రోడ్డు పక్క మురుగు కాలువలోకి పోవాలి. వాళ్ళ చేను మట్టితో మెరక చేసి ఇళ్ళు కట్టారనుకో, మా తొలి పంట సార్వా నీళ్ళలో కుళ్ళిపోతుంది."

రాసుకున్నాను. ఆవిడ వెళ్ళాక పటం చూశాను. ఆ రెండు చేల మధ్య నీళ్ళ దారి ఏదీ లేదు. సర్వే వాళ్ళ పటంలోనూ లేదు.

సాయంత్రానికి ఊళ్ళో వాకబు చేస్తే కథంతా తెలిసింది. ఆ రెండు చేలూ ఒకప్పుడు ఒకే చేను. అన్నదమ్ములు పంచుకున్నారు. మా వైపు పంపకాలకి ఒక పద్ధతి ఉంది. పెద్దవాడు వాటాలు వేస్తాడు, చిన్నవాడు ముందు కోరుకుంటాడు. అలా అయితే వాటాలు వేసేవాడు మోసం చెయ్యడని. చిన్నవాడు సత్యవతి గారి భర్త. కాలువ పక్క వాటా కోరుకున్నాడు. రోడ్డు వైపు వాటా పెద్దాయనకి మిగిలింది. అక్కడికి నీరు ఆఖర్న అందుతుంది, రెండో పంట దాళ్వాకి అసలు అందదు. కాగితంలో భూమి రాసుకున్నారు గానీ నీళ్ళ సంగతి రాసుకోలేదు. నీళ్ళు ఇదివరకు ఎలా పోయేవో అలాగే పోతాయి అని నోటిమాటగా అనుకున్నారు. అన్నదమ్ములు నీళ్ళ గురించి కాగితం రాసుకోవడం అంటే నామర్దా మరి. ఆ నోటిమాట మా పటానికి ఎక్కలేదు.

ఆఫీసరు గారు నేను రాసింది చదివి నవ్వారు. "ఇది ఫ్యామిలీ జెలసీ అండి. రిజెక్ట్ అని రాసేద్దాం."

"ఒకసారి వెళ్ళి చూద్దాం సార్."

"కుళ్ళుతో చెప్పిన మాటకి కూడా ఇన్‌స్పెక్షనా?"

"కుళ్ళుతో చెప్పింది కాబట్టే సార్. కుళ్ళుకునేవాళ్ళు అవతలివాళ్ళ చేను చూసినంత శ్రద్ధగా ఆ చేను గలవాళ్ళు కూడా చూడరు."

ఆయన నా వైపు ఒకరకంగా చూసి, సరే పదండి అన్నారు. నా సంగతి ఆయనకి కొంచెం తెలిసినట్టే ఉంది.

మేము వెళ్ళేసరికి వాన వెలిసి గట్లు జారుతున్నాయి. మా రాక ముందే తెలిసినట్టుంది, ఇద్దరు తోడికోడళ్ళూ గట్టు మీదే ఉన్నారు. పెద్దావిడ మంగతాయారు గారిని నేను చూడటం అదే మొదలు. పొట్టి మనిషి, గొంతు పెద్దది.

"ఏమే సత్యవతీ, నా చేను పచ్చగా ఉండాలని నీకు అంత ప్రేమ ఎప్పుడు పుట్టిందే?"

"నేను నీళ్ళ సంగతి చెప్పానక్కా."

"నీళ్ళు. ముందు కోరుకున్నది మీరు. మీ చేను తాగి వదిలేసిన నీళ్ళు తాగి బతికింది నా చేను. నీ కళ్ళంలో దాళ్వా కుప్పలు పడుతుంటే నేను ఈ గట్టు మీద నిలబడి లెక్కపెట్టుకునేదాన్ని. ఇన్నాళ్ళకి ఒక రంగు నా వైపు పడింది. అది నువ్వు చూడలేకపోతున్నావు."

ఆఫీసరు గారు సర్దిచెప్పబోయారు. సత్యవతి గారు ఆయన్ని చేత్తో ఆపారు.

"అవునక్కా, చూడలేకపోతున్నాను. మేము ఏరి కోరి తీసుకున్నది ఇది. ఏరుకున్నవాళ్ళం మేము, కలిసొచ్చింది మీకు. నాకు నిద్ర పట్టట్లేదు. ఆ మాట నీ దగ్గర దాచనా?" అన్నారు. ఆ గొంతులో కోపం లేదు, ఓడిపోయిన బాధ ఉంది. "అయినా నీళ్ళ మాట అబద్ధం కాదు కదా."

గట్టు కింద తూములోంచి నీళ్ళు బోదెలోకి దూకుతున్నాయి. బోదె అంటే పొలాల్లో చిన్న నీళ్ళ కాలువ. అది మంగతాయారు గారి చేను మధ్యగా పారి, రోడ్డు పక్క మురుగు కాలువలో కలుస్తోంది. ఆవిడ ఆ నీళ్ళనే చూస్తూ నిలబడ్డారు. అక్కడ బోదె ఏమీ లేదు, అది మొన్న వానకి పడిన గండి అని ఆవిడ చెప్పి ఉంటే మేము నమ్మేవాళ్ళమే. మా పటం కూడా ఆవిడ పక్షమే.

"నీళ్ళ మాట నిజమే బాబూ. మా మావగారి రోజుల్నుంచీ ఇటే పోతాయి. అలాగని నా చేనంతా పచ్చ చేస్తానంటే ఊరుకోను."

ఆఫీసరు గారు గట్టు మీదే తేల్చారు. చేను పసుపుగానే ఉంటుంది. బోదె పారిన మేర మాత్రం డ్రెయిన్ కింద లేత నీలం వేస్తాం. రేపు లేఅవుట్ వేసినా, అంటే ప్లాట్లుగా విడగొట్టినా, ఆ దారి వదిలిపెట్టాల్సిందే.

"తన చేను కోసం నా చేలో నేల పోవాలా?"

"మీ ప్లాట్లలో పడ్డ వాన నీరు మాత్రం ఎటు పోతుందండీ? దీంట్లోకే కదా."

ఆవిడ ఆలోచించి ఒక షరతు పెట్టారు. "అయితే తన చేను ఎప్పటికీ ఆకుపచ్చే అని కూడా రాసుకోండి."

"రాసుకోమనక్కా. నేను అమ్మితే కదా," అన్నారు సత్యవతి గారు.

అలాంటి మాట రాసుకునే వీలు మాకు లేదు. ఆఫీసరు గారు తల ఊపి ఊరుకున్నారు. నేను ఆఫీసుకొచ్చి ఆ పసుపు మీద లేత నీలం గీత వేశాను. హియరింగ్‌లో, అంటే అభ్యంతరాలు పెట్టినవాళ్ళని పిలిచి కమిషనరు గారు వినే సమావేశంలో, ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని ఒకరి వైపు ఒకరు చూడకుండా ఒప్పుకున్నారు.

ప్లాన్ ఖాయమైంది. మంగతాయారు గారి చేను ప్లాట్లయింది. ఆవిడ ఒక ప్లాటు ఉంచుకుని, సరిగ్గా గట్టు వైపే మేడ కట్టించుకున్నారు. వానాకాలంలో ఆ మేడ పక్కనుంచి డ్రెయిన్‌లో సత్యవతి గారి చేను నీళ్ళు పోయేవి. ఊళ్ళో ఏ కొత్త కాలనీ మునిగినా ఆ ప్లాట్ల కాలనీ మునగలేదు. ఆ గీత నాది, సంతకం ఆఫీసరు గారిది. దాని మీద ఆయనకి మెచ్చుకోలు వచ్చిందని విన్నప్పుడు నాకు ఆ పూట అన్నం సహించలేదు.

2006లో ప్లాన్‌ని సవరించడానికి మళ్ళీ జనాన్ని పిలిచారు. ఈసారి పటం కంప్యూటర్‌లో వేయించారు, బల్ల మాత్రం నాదే. సత్యవతి గారి భర్త తమ చేను పసుపు చెయ్యమని అంతకు ముందే అర్జీ పెట్టుకుని ఉన్నారు. ఆయనకి ఓపిక తగ్గింది, కౌలుకి తీసుకునేవాళ్ళూ కరువయ్యారు. అమ్మితే మంచి రేటు వస్తుంది. కొత్త పటంలో ఆ చేనుకి పసుపు వేసే ఉంది.

ఆ వారంలోనే మంగతాయారు గారు వచ్చారు. మోకాళ్ళు పట్టేసినట్టున్నాయి, మెట్లెక్కి వచ్చి నా ఎదురు కుర్చీలో కూలబడ్డారు.

"మా సత్యవతి చేను ఆకుపచ్చలోనే ఉంచమ్మా."

"కారణం ఏం రాయమంటారండి?"

"కారణం ఏముంది. పొద్దున్నే లేచి మేడ మీద కాఫీ గ్లాసు పట్టుకుని ఆ చేను చూస్తాను. దాని నాట్లు చూస్తాను, కోతలు చూస్తాను. నాది అమ్మేసుకున్నాను, దానిది ఇంకా పండుతోంది అని కడుపు రగిలిపోద్ది. ఆ రగులు లేకపోతే నాకు పొద్దు గడవదు. అది కూడా అమ్మేస్తే నేను ఇంక ఎవర్ని చూసి కుళ్ళుకోవాలి, నువ్వే చెప్పు."

"అలా రాయడం కుదరదండీ."

"అలా రాయకు. నీళ్ళని రాయి. అప్పుడు తనూ అదే రాయించింది కదా."

నేను నవ్వి ఊరుకోలేదు. నీళ్ళు ఎటు పోతాయని అడిగాను. ఆవిడ టకటకా చెప్పుకొచ్చారు. పెద్ద వాన పడితే ఆ చేను నీళ్ళని పట్టి ఉంచి మెల్లగా వదులుతుంది. దాన్ని మెరక చేస్తే ఆ నీళ్ళన్నీ ఒక్కసారి డ్రెయిన్ మీద పడతాయి, అంత నీరు దానికి పట్టదు, కాలనీ అంతా మునుగుతుంది. గట్టు ఎక్కడ పల్లమో, తూము నోరు ఎంతో అన్నీ ఆవిడకి తెలుసు. వెళ్ళి చూశాం. చెప్పినట్టే ఉంది. చేను ఆకుపచ్చలోనే ఉంచారు.

ఆ మాట చెప్పడానికి సత్యవతి గారింటికి నేనే వెళ్ళాను. ఆవిడ భర్త చిరాకుపడి లోపలికి వెళ్ళిపోయారు. ఆవిడ మాత్రం కూర్చోమన్నారు. అభ్యంతరం ఎవరు పెట్టారని అడగలేదు.

"మా అక్క ఏం రాయించింది?"

"నీళ్ళనండి."

"అదే రాయిస్తుంది," అని ఆవిడ నవ్వుకున్నారు. అంత తృప్తిగా నవ్విన మనిషిని ఆ మధ్య నేను చూడలేదు.

అభ్యంతరం ఏ మనసుతో పెట్టారన్నది మా పని కాదని ఆ కేసు నాకు నేర్పింది. ప్రేమతో వచ్చినవాళ్ళు కొన్నిసార్లు తప్పు చెప్పారు, కుళ్ళుతో వచ్చినవాళ్ళు చాలాసార్లు ఒప్పు చెప్పారు. తర్వాత ఎవరొచ్చినా ముందు నీళ్ళ దారి అడిగి, ఆ తర్వాతే పేరు అడిగేదాన్ని. ఆ రోజు మాత్రం సత్యవతి గారింటి నుంచి నడిచి వస్తూ నేను ఇవేవీ ఆలోచించలేదు. మేడ మీద ఒకావిడ, చేలో ఒకావిడ, ఎన్నేళ్ళుగానో ఒకరినొకరు కనిపెట్టుకుని ఉన్నారు. ఇంటికొచ్చి మా అద్దె వాటా తాళం తీశాను. ఎంత వెతికినా, నన్ను చూసి కుళ్ళుకునే మనిషి నాకు ఈ ఊళ్ళో ఒక్కరూ కనబడలేదు.