మణిగోడ అవతలి దారి

ఊళ్ళో ఆమెను "రెండో చుస్కిత్" అంటారు. అలాగని మొదటి చుస్కిత్ ఎవరూ లేరు. ఊరి నుంచి కనుమ దాకా ఎక్కి, మళ్ళీ దిగి బౌద్ధుల మఠం గోంపా ముందరి మైదానం చేరే పరుగుపందెంలో ఏటా రెండో స్థానం ఆమెదే కాబట్టి ఆ పేరు అతుక్కుపోయింది. పెళ్ళికి ముందు నుంచీ, తప్పిపోయిన జడలబర్రెల వెంట కొండలెక్కి దిగిన కాళ్ళు ఆమెవి. ఆ పల్చటి గాలికి బయటివాళ్ళు నాలుగడుగులేసి రొప్పుతుంటే, చుస్కిత్ కూనిరాగం తీస్తూ ఎక్కేది.

అయినా ఓడేది. అంతా ఆ మణిగోడ దగ్గరే వచ్చేది చిక్కు.

మంత్రాలు చెక్కిన రాళ్ళు పేర్చిన ఆ పొడుగాటి గోడ ఊరి మొగదల ఉంది. ఎటు పోతున్నా సరే, దాన్ని కుడిచేతి వైపు ఉంచుకునే నడవాలి. పందెం పెట్టేవాళ్ళు మాత్రం రానూపోనూ గోడకు ఒకే పక్కన జెండాలు పాతేవారు. పోయేటప్పుడు బాగానే ఉంటుంది. వచ్చేటప్పుడు అదే దారి పడితే గోడ ఎడమచేతికి వస్తుంది. అందుకని చుస్కిత్ జెండాలను వదిలేసి, అవతలి పక్క ఏటిరాళ్ళ మీదుగా చుట్టు తిరిగి వచ్చేది. దూరం ఎక్కువ పరుగెత్తితే కాదనేవాళ్ళెవరు? ఆ చుట్టులోనే గఢ్‌వాల్ నుంచి వచ్చే మంజు రావత్ ఆమెను దాటిపోయేది. మంజు తప్పేమీ లేదు, ఆమెకది ఉత్త గోడ. ఊరి కుర్రాళ్ళే పందెం రోజున దేవుడికి ఒక దండం పెట్టేసి జెండాల దారి పట్టేవారు.

ఈసారితో సరి. మోకాలు అరిగిపోయింది, ఇక పరుగు కట్టిపెట్టమని డాక్టరమ్మ ఖరాఖండిగా చెప్పేసింది. ఒక్కసారైనా ముందు చేరాలని చుస్కిత్ కోరిక. ఆ కోరికను కడుపులో దాచుకునే మనిషి కూడా కాదు.

పందెం ముందురోజు అత్త ఏషే డోల్మా వెన్న వేసిన ఉప్పు చాయ్ చిలుకుతూ మెల్లగా కదిపింది. ఆవిడ చేతిలో జపమాల నిద్రలో కూడా ఆగదు.

"ఈ ఒక్కసారికీ జెండాల దారిన పోవే. నీ బదులు నేను వంద ప్రదక్షిణలు చేస్తాలే."

"ఈ మాట నువ్వేనా అనేది, అమా-లే?"

"దేవుడు నాకన్నా మంచోడు. చూసీ చూడనట్టు ఊరుకుంటాడు."

పొయ్యి దగ్గర కూర్చున్న మొగుడు నవాంగ్ అందుకున్నాడు. "ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. దీనికి ఓడిపోవడమే సరదా, అమ్మా."

"నువ్వు మాట్లాడకు. కొట్టం దాకా నడిస్తేనే ఆయాసపడతావు," అంది చుస్కిత్.

ఏటా కొండ ఎక్కేటప్పుడు ఊపిరి దాచుకుని, దిగేటప్పుడు వాడుకునేది. మర్నాడు పందెంలో ఆ లెక్క మార్చింది. గోడ చుట్టూ పోగొట్టుకునేదంతా ఎక్కేటప్పుడే సంపాదించుకోవాలనుకుని, మొదటి మలుపులోనే మంజును వెనక్కి నెట్టింది. గుండె గొంతులోకి వచ్చినా వేగం తగ్గించలేదు. కనుమ మీద దేవతలకు జయమని అరిచి వెనక్కి తిరిగేసరికి మంజు ఇంకా కింది మలుపులోనే ఉంది.

దిగేటప్పుడు మోకాలు పగబట్టింది. అడుగడుక్కీ సూదులు గుచ్చినట్టుంది. మణిగోడ చేరేసరికి మంజు అడుగుల చప్పుడు వీపు వెనకే వినిపిస్తోంది. జెండాలు ఇటే రమ్మని రెపరెపలాడాయి. చుస్కిత్‌కు ఆశ పుట్టలేదంటే అబద్ధమే. పుట్టింది, బాగానే పుట్టింది. కాళ్ళు మాత్రం ఎప్పటిలాగే అవతలికి మళ్ళాయి.

ఏటిపక్క రాళ్ళు లేవు. నిన్నటిదాకా కాళ్ళు విరగ్గొట్టే దారి సాపుగా ఉంది. రాళ్ళన్నీ ఒక పక్కకు దొర్లించి ఉన్నాయి. ఆ చివర మట్టి చేతులతో అత్త కూలబడి ఉంది.

"చూస్తావేంటే, పరుగెత్తు," అంది.

గోడ దాటి బయటపడేసరికి మంజు పక్కనే ఉంది. మైదానం దాకా ఇద్దరూ భుజం భుజం రాసుకుంటూ పరుగెత్తారు. చివర్లో చుస్కిత్ మోకాలి సంగతి మరిచిపోయి, ఒక్క బారెడు ముందుగా తాడు తెంపింది. మంజు వచ్చి కౌగిలించుకుంటే సిగ్గుపడకుండా భోరుమని ఏడ్చింది. అంత ఆనందం ఆమె ఎన్నడూ ఎరగదు.

అత్త కర్ర పొడుచుకుంటూ వచ్చేసరికి ఊరంతా చుస్కిత్ మెడలో తెల్లటి ఖతాగ్ కండువాలు వేస్తున్నారు.

"జెండాల దారిన పొమ్మన్నావుగా, అమా-లే. మరి ఈ దారిలో రాళ్ళెందుకు తీశావు?"

"నా మాట నువ్వెప్పుడు విన్నావే?" అంది అత్త.