కోటు ఫొటో కింద మాట

మెట్ల కింద గదిలో మిషను వేసుకుని, పాత బట్టలకు మళ్లీ ప్రాణం పోసే టైలరమ్మను చెల్లెలు చిన్నప్పటినుంచీ "మొండిదానా" అనే పిలిచేది. ఇద్దరూ తల్లి పక్కన కూర్చుని కుట్టు నేర్చుకున్నవాళ్లే. చేతినిండా పనున్న రోజుల్లో చెల్లెలు బట్టల ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వెళ్తానంది. "పోతే పో, మళ్లీ ఈ గడప తొక్కకు" అంది అక్క. తొక్కలేదు. ఆ పిల్లా తక్కువ మొండిది కాదు.

తర్వాత టైలరమ్మ తను బాగుచేసిన బట్టల ఫొటోలు ఫోన్లో ఒక యాప్‌లో పెట్టడం మొదలుపెట్టింది. అప్పట్లో ఆ యాప్‌లో మాటల్లేవు. నచ్చితే గుండె గుర్తు నొక్కడం, అంతే. కొన్నాళ్లకు ఆ గుర్తుల పక్కన చెల్లెలి పేరు కనిపించింది. మర్నాడూ కనిపించింది. ఇక రోజూ. ఆ పేరు చూసుకుంటే గానీ టైలరమ్మ మిషను తొక్కేది కాదు. పలకరింపు లేదు, అలక తీరలేదు, అయినా ఏదో తెగకుండా ఉంది.

యాప్‌వాళ్లకు ఊరికే ఉండబుద్ధి కాలేదు. ఫొటో కింద మాటలు రాసే చోటు తెచ్చారు. మాటకు బదులు, బదులుకు నవ్వులు, వీధి కబుర్లన్నీ ఫోన్లోకి వచ్చిపడ్డాయి. "మీ చేతిలో ఏదో ఉంది అక్కా!" అని కస్టమర్లు రాస్తుంటే టైలరమ్మ కాళ్లు నేలమీద నిలవలేదు.

ఒకసారి ఎవరిదో తాతగారి కోటుకు లైనింగ్ మార్చి, కాలర్ తిప్పి కుట్టి, ఫొటో పెట్టింది. పొగడ్తల మధ్య చెల్లెలి మాట.

"ఎడమ కాలర్ మూతి తిప్పుకుంది చూడవే, మొండిదానా!"

టైలరమ్మకు ఒళ్లు మండింది. ఇన్నేళ్లకు నోరు విప్పి, అదీ కస్టమర్ల ముందా? "ఫ్యాక్టరీలో గుండీలు కుట్టుకునేవాళ్లు కాలర్ల సంగతి చెప్పక్కర్లేదు" అని బదులు రాసింది. అందరూ వంతపాడారు. "బాగా గడ్డిపెట్టారు అక్కా!" అని ఒకావిడ. "పాపం, ఎవరైనా కళ్లజోడు కొనిపెట్టండి" అని ఒకాయన. సాయంత్రానికల్లా చెల్లెలు తన మాట తీసేసుకుంది.

కోటు ఇస్త్రీ చేస్తూ టైలరమ్మ చెయ్యి ఆపింది. కాలర్ నిజంగానే వంగి ఉంది. దాంతోపాటు ఇంకోటీ గుర్తొచ్చింది. తల్లి ఉన్నప్పుడు ఒకరు కుట్టింది ఇంకొకరు చూసి, ఒక్క తప్పైనా పట్టాకే మడతపెట్టేవాళ్లు. తప్పు దొరక్కపోతే "దారానికి నీ పొగరు అంటుకుంది" అనైనా అనాలి. బయటివాళ్ల పనికైతే "బాగుందండీ" అని ఊరుకునేవాళ్లు. చెల్లెలు పరువు తీయడానికి రాలేదు. మళ్లీ పక్కన కూర్చోవడానికి వచ్చింది.

ఇద్దరే విడిగా మాట్లాడుకునే వీలు కూడా యాప్‌లో ఈమధ్యే వచ్చింది. అక్కడ కొత్త ఫొటో పంపి రాసింది: "కాలర్ విప్పి మళ్లీ కుట్టాను. చూసి చెప్పవే."

అవతల రాస్తున్నట్టు చుక్కలు కదిలాయి. ఆగాయి. మళ్లీ కదిలాయి.

"చాలా బాగుందండీ."

మర్నాడు టైలరమ్మ ఒక చొక్కా జేబును చిన్నపిల్లలకైనా తెలిసేంత వంకరగా కుట్టి, ఆ ఫొటో పంపింది.

"ఇదీ బాగుందండీ" అని వచ్చింది.

చొక్కా తాలూకు మనిషి వచ్చి చేతిలోకి తీసుకున్నాడు. "ఇదేంటమ్మా, జేబు ఇంత వంకరగా ఉంది?"

"ఉందండీ" అంది టైలరమ్మ. "మీరైనా చెప్పారు."